సవరణ: మేపుల్ రసం కాచే పాన్ సైజు గురించి

"50 ట్యాపులకు 2×4 అడుగుల పాన్ చాలు" అని మేపుల్ చెట్టు రసం కాచి సిరప్ చేసేవాళ్ల కోసం మొన్న రాసిన మాటకు చిన్న వివరణ. ట్యాపు అంటే రసం కారడానికి చెట్టుకు దిగ్గొట్టే చిన్న గొట్టం. అది చూసి కొందరు ట్యాపుల లెక్కతోనే ఆర్డర్ పెట్టేస్తున్నారు. ఆగండి. రోజుకు ఎన్ని గంటలు పొయ్యి దగ్గర కూర్చోగలరో ముందు తేల్చుకోండి.

అమెరికాలోని వెర్మాంట్ వైపు రసం బాగా దిగిన రోజున ట్యాపుకు సుమారు ఒక గ్యాలన్ వస్తుంది. అంటే 50 గ్యాలన్లు. అడుగు చదునుగా ఉన్న పాన్ చదరపు అడుగుకు గంటకు దాదాపు ఒక గ్యాలన్ నీటిని ఆవిరి చేస్తుంది, 2×4కి ఎనిమిది. ఆరు గంటల పని! శనివారమైతే సరే, ఆఫీసు నుంచి వచ్చి మొదలుపెడితే అర్ధరాత్రే. పోనీ దాచుదామా అంటే, ఎండ ముదిరితే రసం పాలలాగే పాడవుతుంది. వారం మధ్యలో కాచక తప్పనివాళ్లు ఫ్లూ పాన్ చూడాలి. దాని అడుగున లోతైన మడతలుంటాయి, మంట తగిలే చోటు పెరుగుతుంది.

40 గ్యాలన్ల రసానికి 1 గ్యాలన్ సిరప్ అన్న లెక్క కూడా దాదాపు 2 శాతం తీపి ఉన్న రసానికే. 86ను మీ రసంలోని తీపి శాతంతో, అంటే బ్రిక్స్‌తో భాగించండి, ఒక గ్యాలన్ సిరప్‌కు ఎంత రసం కావాలో తెలుస్తుంది: 2కి 43 గ్యాలన్లు, 1.5కి 57.

అలాగని మరీ పెద్దది కొనకండి. పాన్‌లో ఎప్పుడూ అంగుళానికి తగ్గకుండా రసం నిలవాలి, లేదంటే మాడుతుంది. ఐదారు ట్యాపులవాళ్లకు హోటళ్లలో వాడే లోతైన స్టీలు ట్రేలు రెండు చాలు.