పరిశోధన ప్రతిపాదన ఫారం గారికి ఒక మనవి

మహారాజశ్రీ ఫారం గారి సముఖానికి, చిత్రలేఖనం చెప్పి పొట్ట పోసుకునే ఒక పంతులు నమస్కరించి రాయు మనవి.

తమరు మూడు ప్రతులుగా విచ్చేసినందుకు ధన్యులమయ్యాం. తమలో పరికల్పనకు గడి ఉంది, ప్రశ్నావళి జతచేసే చోటుంది. కళ్లప్పగించి చూడటానికే చోటు కరువు. నమూనా పరిమాణం అడిగారు కదా. ఒక గేదె.

రెండో ఏడాది చదివే అమ్మాయి ఒకరు లేస్తున్న గేదె బొమ్మ వేసింది. ముందుకాళ్లు నిలబెట్టి, వెనుక భాగం నేల మీదే ఉంచింది. ముచ్చటైన బొమ్మే, కానీ అలా లేచేది గుర్రం. నేనేమీ చెప్పకుండా పాలవాళ్ల పాక దగ్గర కూర్చోమని పంపాను. గేదె ఎప్పుడు లేస్తుందన్నది గేదె ఇష్టం, తమ కాలపట్టిక దానికి అందలేదు. చీకటి పడేసరికి పుస్తకం నిండా గీతలే. తల ముందుకు విసరడం, వెనుకకాళ్లు లేవడం, ముందు మోకాళ్లు ఇంకా నేలకు ఆనే ఉన్న ఆ క్షణం. దాన్నే పదేపదే వేసింది. అంచున చిన్న అక్షరాలతో ‘లేవడం మెడలోనే మొదలవుతోంది’ అని రాసుకుంది. తమరి భాషలో వీటిని ఫలితాలు అంటారనుకుంటాను. కార్యాలయం వారేమో ‘బొమ్మలు సరే, పరిశోధన ఏదీ?’ అని తిప్పి పంపారు.

తమరు పుట్టకముందు జహంగీర్ కొలువులో ఉస్తాద్ మన్సూర్ సైబీరియా కొంగ బొమ్మ వేశాడు. ఐరోపా శాస్త్రవేత్తలు ఆ పక్షికి శాస్త్రీయ నామం పెట్టింది 1773లో. మన్సూర్ ఏ ప్రశ్నావళి పంచాడో తమరే విచారించాలి. ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ కాస్త నయం. 1821, 1822లలో లండన్ శివార్లలోని హాంప్‌స్టెడ్‌లో మేఘాలు చిత్రించి, వాటి వెనుక తేదీ, వేళ, గాలి తీరు రాసిపెట్టుకున్నాడు. గడులు నింపే లక్షణాలున్న మనిషి, తమరికి నచ్చవచ్చు. శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్పిన నందలాల్ బోస్ తన శిష్యులను సంతాల్ గిరిజనుల పల్లెలకు బొమ్మలు గీయడానికి తీసుకెళ్లేవారు. ఆ ప్రయాణ భత్యం ఏ పద్దులో రాశారో మరి!

పరికరాల గడిలో ‘పెన్సిలు, రెండు కళ్లు’ అని రాశాను. ఒక్కో వస్తువుకు మూడేసి కొటేషన్లు కావాలన్నారు. పెన్సిలుకు తెచ్చాం. కళ్లకు ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

చివరగా, పరిశీలనకు లోనైన వ్యక్తి సమ్మతిపత్రం అడిగారు. డెక్క ముద్ర వేయించి జతచేస్తున్నాం, మూడు ప్రతుల్లో.

ఇట్లు,
తమ గడుల్లో ఇమడని
చిత్రలేఖనం పంతులు