మహారాజశ్రీ గులాబీరంగు కాన్యులా గారికి

అయ్యా,

మీరు క్షేమమని తలుస్తాను. మా అమ్మ కుడిచెయ్యి మాత్రం ఇంకా కమిలే ఉంది.

తెగింది ఎడమచేతి వేలు. చేపల పులుసులోకి మామిడికాయ కోస్తుంటే కత్తిపీట మీద తెగింది. బుచ్చిరెడ్డిపాళెం నుంచి నెల్లూరు తీసుకొస్తే, మంచం మీద కూర్చోబెట్టీ పెట్టకముందే, నరంలోకి మందెక్కించే ప్లాస్టిక్ గొట్టమైన తమరు కుడిచేతి మీదకు వేంచేశారు. 'ఏంది నాయనా, తెగింది ఆ చెయ్యి గదా' అని ఆవిడ అంటూనే ఉంది. మణికట్టు దగ్గర పొడిచారు, నరం దొరకలేదన్నారు. తట్టి, రుద్ది, ఇంకో సిస్టర్‌ని పిలిచి, చివరికి అరచేతి వెనక ఎక్కించారు. పేరు అడిగింది ఆ తర్వాతే.

ఎందుకండీ అంటే 'ఎందుకైనా మంచిది' అన్నారు.

కుట్లకు మత్తు వేలికే ఇచ్చారు. టీటీ భుజానికి పొడిచారు. నొప్పికీ, యాంటీబయాటిక్‌కీ మాత్రలు రాశారు. మరి తమరిలోంచి లోపలికి పోయిందేమిటి? తమరు మూసుకుపోకుండా తోసిన కాస్త సెలైన్. రాని చుట్టానికి విస్తరేసి కూర్చున్నట్టు మధ్యాహ్నమంతా ఆ ప్లాస్టర్ వంక చూస్తూ కూర్చున్నాం. ఒక చేతికి కట్టు, ఇంకో చేతికి తమరు. కొంగు సర్దాలన్నా నేనే, గ్లాసు పట్టాలన్నా నేనే. బాత్రూముకి కొడుకుని తోడు పిలవాల్సొస్తుందని ఆవిడ మంచినీళ్లే మానేసింది.

పది నిమిషాల్లో పంపిస్తామన్న మాట, ఊరికే నిలబెట్టిన బైకుకి పార్కింగ్ రసీదు, అవి తమరి శాఖ కాదు, వదిలేద్దాం.

తమరి గొప్ప తెలియక కాదు. హైవే మీద యాక్సిడెంటై రక్తం కారిపోయేవాడికి తమరికన్నా లావైన తమరి అన్నలు, ఆకుపచ్చా బూడిదరంగూ, రెండు చేతులకీ ఉండాల్సిందే. డెంగీతో బీపీ పడిపోయినవాడికీ అంతే. అక్కడ దణ్ణం పెడతాను. మావాళ్లూ తక్కువేం కాదు, సెలైన్ ఎక్కించకపోతే అది వైద్యమే కాదంటారు. ఆ అర లీటరు సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పని చెబితే నన్నే పిసినారి అన్నారు.

కానీ చర్మానికి పెట్టిన కన్నం కన్నమే. నరం వాస్తుంది. అరుదుగానైనా, సూక్ష్మజీవులు ఆ దారినే రక్తంలోకి దిగుతాయి. మందు పోకపోయినా అవి పోగలవు. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో, పెట్టేముందు ఒక్కటే ఆలోచించుకోమన్నారట: దీన్ని వాడతామని 80 శాతమైనా నమ్మకముందా? లేకపోతే పెట్టొద్దు. దాంతో పెట్టేవి తగ్గాయి, పెట్టినవాటిలో పనికొచ్చేవి పెరిగాయి. ఇక్కడ ఆ ప్రశ్న నేను వేస్తే 'మీరు బయట కూర్చోండి సార్' అన్నారు.

బిల్లులో తమరు విడిగా, తమరి ప్లాస్టర్ విడిగా, తమరిని పెట్టిన చార్జీ విడిగా. పోనీ, డబ్బుదేముంది. డెబ్బై దాటిన మనిషికి సూది దిగే నరాలు ఎన్నుంటాయి? ఇవాళ ఉత్తపుణ్యానికి రెండు పాడుచేశారు. రేపు నిజంగానే ప్రాణం మీదికొచ్చి పరిగెత్తుకొస్తే ఎక్కడ పొడుస్తారు, నా మొహానా?

ఈసారి ఏ మందు కోసం వస్తున్నావో పేరు చెప్పి రా. చెప్పలేకపోతే ట్రేలోనే పడుండు.

ఇట్లు,
బిల్లు కట్టినవాడు