మగాడికి పొడుగు రెయిన్‌కోటు కావాలంటే సెక్యూరిటీ యూనిఫాం షాపుకే పోవాలా?

మోకాళ్ల కిందకి దిగే రెయిన్‌కోటు. ముందు బొత్తాలు, పైన టోపీ, నల్లదో ముదురు నీలందో. ధర పదిహేను వందల లోపు. ఇంతకు మించి నేను అడిగిందేమీ లేదు. గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట, పట్నంబజారు తిరిగాను. విజయవాడలో బీసెంట్ రోడ్డూ వదల్లేదు. అన్నిచోట్లా ఒకటే జవాబు: "లాంగ్ కోటు రావట్లేదు సార్, ప్యాంటూ జాకెట్టూ సెట్టుంది, తియ్యమంటారా?" ఆడవాళ్లకి పొడుగు కోట్లు ఉన్నాయి. స్కూలు బ్యాగు పట్టేలా వీపు దగ్గర వదులు పెట్టి కుట్టిన పిల్లల కోట్లు రంగురంగుల్లో వేలాడుతున్నాయి. మగాడు మాత్రం బండి మీదుంటేనే తడుస్తాడని ఎవరో తీర్మానించేశారు.

ఆ సెట్టుతో నాకున్న పేచీ ఏంటో చెప్తాను. నేను రోజూ గుంటూరు నుంచి విజయవాడ పోయి వచ్చేవాణ్ని. ఇంటి నుంచి స్టేషన్‌కి బండి, అక్కణ్నించి రైలు, దిగాక ఆఫీసుకి నడక. దారిలో వాన అందుకుంటే రోడ్డు పక్కన ఒంటికాలి మీద నిలబడి ఆ ప్యాంటులోకి కాలు దూర్చాలి. షూ విప్పితే సాక్సు తడుస్తుంది, విప్పకపోతే షూకున్న బురదంతా ప్యాంటు లోపలికి పోతుంది. పైగా మడమ దగ్గర ఇరుక్కుని కదలదు. ఈ తతంగం ముగిసేలోపు ఎటూ తడిసిపోతాం, ఇంక ప్యాంటు దేనికి? స్టేషన్లో మళ్లీ ఇదంతా తిరగేసి, నీళ్లు కారే మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కసీటు ఆయన మనల్ని చూసే చూపు వేరు. పొడుగు కోటైతే రైలెక్కే ముందు విప్పి, ఒక్క దులుపు దులిపి, చేతి మీద వేసుకుంటే పనైపోతుంది.

హైవే మీద గంటసేపు బండి నడిపేవాళ్లకి సెట్టే నయం, కాదనను. కూర్చున్నప్పుడు ఛాతీ మీద పడ్డ నీళ్లన్నీ జారి ఒళ్లోకే చేరతాయి, అక్కడ ప్యాంటు కాపాడుతుంది. కానీ ఊళ్లో సగం మంది నడిచేవాళ్లూ, బస్సెక్కేవాళ్లూ, సైకిలు తొక్కేవాళ్లూ. వాళ్లని షాపులవాళ్లు లెక్కలోంచే తీసేశారు.

మా నాన్న కోటు డక్‌బ్యాక్‌ది. సురేంద్రమోహన్ బోసు 1920లో కలకత్తాలో పెట్టిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ వాళ్ల సరుకు. గుడ్డకి రబ్బరు పట్టించి వాన కోటు చేసే పద్ధతి అంతకంటే చాలా పాతది, స్కాట్లాండులో చార్లెస్ మాకింటాష్ 1823లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. నాన్న కోటు బరువుగానే ఉండేది, రబ్బరు వాసన వేసేది. కానీ దాన్ని కుట్టినవాళ్లకి వానంటే ఏంటో తెలుసు. రెండు చంకల కిందా లోహపు రింగులు బిగించిన చిన్న చిన్న రంధ్రాలు ఉండేవి, గాలాడటానికి. చెయ్యి దించితే అవి మూసుకుపోతాయి, చుక్క లోపలికి రాదు. ముందు పట్టీ రెండు పొరలు, బొత్తాలన్నీ లోపలి పొర చాటునే. కోటు తిరగేస్తే ప్రతి కుట్టు మీదా వేలెడు వెడల్పు పట్టీ అంటించి కనపడేది. వానాకాలం పోయాక నాన్న దాన్ని నీడన ఆరబెట్టి, లోపలా బయటా టాల్కం పౌడరు చల్లి హ్యాంగరుకి తగిలించేవారు. మడత పెడితే ఊరుకునేవారు కాదు. మన ఎండలకి రబ్బరు మడతల్లో అంటుకుపోతుందని ఆయన భయం. అంత చూసుకున్నా చివరికి అంటుకుపోయిందనుకోండి, కాకపోతే అప్పటికి నేను ఉద్యోగంలో చేరి కూడా చాలాకాలమైంది.

ఆన్‌లైన్లో చూడరాదా అంటారు. చూశాను. 'క్లాసిక్ రెయిన్‌కోటు' అని కొడితే నడుముకి బెల్టు, భుజాల మీద పట్టీలు ఉన్న ట్రెంచ్ కోట్లు దిగుతాయి. వాటికి మూలమైన గాబర్డిన్ గుడ్డని థామస్ బర్‌బెర్రీ 1879లో కనిపెట్టాడు. నేత చాలా బిగువు, సన్న జల్లుకి బాగానే ఆగుతుంది. లండన్‌లో ఏడాది మొత్తం మీద పడేది దాదాపు 600 మిల్లీమీటర్లు, అదీ రోజుకింత చొప్పున తుంపర. మనకి అలా వాయిదాల మీద పడదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వాన పైనుంచి కాదు, అడ్డంగా వచ్చింది. 2024 ఆగస్టు చివర్లో గుంటూరు-విజయవాడ దారిలో కాజ టోల్‌గేటు దగ్గర హైవే మీదే నీళ్లు నిలిచాయి, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద చూశాం. ఈ వానలకి గాబర్డిన్ కోటు వేసుకుని బయల్దేరితే అది తడిసి ఇంకో రెండు కిలోలు బరువెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇప్పుడు అమ్మేవాటిలో చాలావరకు అసలు ఆ గుడ్డ కూడా కాదు, మామూలు పాలియెస్టరు.

ఇక లేబుళ్ల సంగతి. 'వాటర్ రెసిస్టెంట్' అంటే కాసేపు ఆగుతుందని మాత్రమే. 5,000 మిల్లీమీటర్లు అని రాసుంటే, ఆ గుడ్డ మీద ఐదు మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెట్టినంత ఒత్తిడి వరకూ లోపలికి ఊరలేదని లెక్క. బానే ఉంది, కానీ ఆ లెక్క గుడ్డది, కోటుది కాదు. గుడ్డని కుట్టేటప్పుడు సూది వందల బొక్కలు పెడుతుంది. వాటి మీద లోపల టేపు వేసి వేడితో అంటించకపోతే భుజం దగ్గరా, టోపీ మెడకి కలిసేచోటా నీళ్లు సన్నగా దిగుతాయి. అందుకే నేను షాపులో ముందు కోటు తిరగేస్తాను. లోపల మెష్ లైనింగు వేసి కుట్లు కనపడకుండా కప్పేశారంటే నాకు అనుమానమే. ఒక షాపులో అలా లైనింగు ఎత్తి చూస్తుంటే సేల్స్ కుర్రాడు "సార్, బయటివైపు చూడండి, లుక్ బాగుంటది" అన్నాడు. వాన లుక్ చూసి ఆగుతుందా బాబూ?

నాలుగైదు వేలు పెడితే చెమట బయటికి పంపే మెంబ్రేన్ ఉన్నవి వస్తాయి. చలిదేశాల్లో అవి అద్భుతం, నమ్ముతాను. ఆ గుడ్డ పనిచేసేది లోపలి ఆవిరి, బయటి ఆవిరి మధ్య ఉన్న తేడా మీద. సెప్టెంబరులో గుంటూరు ఉక్కకి లోపలెంత తేమో బయటా దాదాపు అంతే, ఇంక ఆవిరి ఎటు పోతుంది? ఇక్కడ చంక కింద నాలుగు బొక్కలే మెరుగు. ఏడెనిమిది వందల సెట్లలో లోపల పూసే పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) పూత ఇంకో తలనొప్పి. తడి ఆరకుండా డిక్కీలో కుక్కితే ఆ తేమకీ వేడికీ రెండు సీజన్లు తిరిగేసరికి తెల్లగా పొరలు ఊడి చొక్కాకి అంటుకుంటుంది. పీవీసీది ఊడదు, కాకపోతే కొన్నేళ్లకి బిరుసెక్కి మడత దగ్గర పగులుతుంది.

మా ఊళ్లో మిర్చి యార్డులో మబ్బు పడితే చాలు, టిక్కీల (మిర్చి బస్తాల) మీద పట్టాలు పరిచేస్తారు. ఆ పట్టాల అతుకులు ఎంత గట్టిగా ఉంటాయో దగ్గరికెళ్లి చూడండి. మిర్చికి జరిగే మర్యాద మనిషికి ఎందుకు జరగదని కడుపుమండి ఒక పట్టాల కొట్టాయన్నే అడిగాను, కోటు కుట్టిస్తారా అని. ఆయన నవ్వి, "కుట్టిస్తా, కానీ నువ్వు వంగలేవు" అన్నాడు.

చివరికి దొరికింది ఎక్కడో తెలుసా? సెక్యూరిటీ గార్డులకీ డ్రైవర్లకీ యూనిఫాంలు అమ్మే షాపులో. విజిళ్లూ లాఠీలూ వేలాడుతున్న గోడ వెనక బీరువాలో, ముదురు నీలం పొడుగు కోట్లు, పీవీసీ పూత, దొంతరగా. ఓనరు తలెత్తకుండానే "ఏ ఏజెన్సీ సార్, ఎన్ని పీసులు?" అన్నాడు. "ఒక్కటే, నాకే" అంటే అప్పుడు చూశాడు నా వంక. తిరగేశాను. అతుకులు సూదితో కాదు, వేడితో అంటించినవి. ముందు పట్టీ రెండు పొరలు, లోపల ప్రెస్ బొత్తాలు. వీపు మీద అడ్డంగా ఒక మడత, దాని కింద గాలి పోవడానికి సందు. ఎనిమిది వందల యాభై అన్నాడు, ఎనిమిది వందలకి ఇచ్చాడు.

రాత్రంతా గేటు దగ్గర వానలో నిలబడేవాడి కోసం చేసిన సరుకు కాబట్టి నిలబడుతోంది. మనకి అమ్మేది మాత్రం ఫోటోలో నిలబడేవాడి కోసం చేసింది. పొడుగు కోటు అడిగేవాళ్లు లేరు, అందుకే తేవట్లేదు అని షాపులవాళ్లు అంటారు. ఎలా ఉంటారండీ, నాలుగుసార్లు లేదనిపించుకున్నవాడు గొడుగు కొనుక్కుని పోతాడు. ఆ గొడుగు తుఫాను గాలికి తిరగబడుతుంది, మళ్లీ ఇంకో గొడుగు.

కోటుకి లోపాలు లేకపోలేదు. వాన తగ్గి ఎండ కాసిందంటే లోపల ఉడికిపోతాం. టోపీ వేసుకుంటే పక్కకి ఏమీ కనపడదు, రోడ్డు దాటేటప్పుడు తల కాదు, ఒళ్లంతా తిప్పి చూసుకోవాలి. బండి మీద కూర్చునేటప్పుడు కింది రెండు బొత్తాలు తీసి అంచులు తొడల కింద నొక్కిపెట్టకపోతే గాలికి లేచి చక్రం దాకా పోతాయి, అది జాగ్రత్త. వీపు మీద మెరిసే పట్టీ ఉంది, చీకట్లో లారీవాడికి కనపడతానని దాన్ని ఉంచేశాను. మా ఆవిడ చూసి "అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చోండి, నెలకి పన్నెండు వేలిస్తారు" అంది. మొన్న స్టేషన్లో ఒక పెద్దాయన నన్ను రైల్వేవాణ్ననుకుని పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఏ ప్లాట్‌ఫారానికి వస్తుంది బాబూ అని అడిగాడు. బోర్డు చూసి చెప్పాను.

మా బావమరిది తనకీ ఒకటి తెమ్మన్నాడు. అతను ఆరడుగులు, షాపులో మిగిలినవన్నీ ఎల్ సైజులే. డబుల్ ఎక్సెల్ కావాలంటే ఏజెన్సీ వాళ్లతో పాటు ఆర్డరు పెట్టాలట, కనీసం పది పీసులు. గుంటూరు, విజయవాడల్లో పొడుగు మనుషులు ఇంకో తొమ్మిది మంది ఉంటే చెప్పండి, కలిపి తెప్పిద్దాం.