ఆరు కాళ్ళ అప్ప

మొదటి రోజు, ఇరవై మూడు నిమిషాల ఎపిసోడ్‌లో నేను ఏడుసార్లు పాజ్ నొక్కాను. ఎనిమిదోసారి నొక్కబోతుంటే మా అమ్మాయి రిమోట్ లాక్కుని, దిండు కింద పెట్టి, ఆ దిండు మీద కూర్చుంది. "ఇంకోసారి మాట్లాడావంటే నేనూ అమ్మమ్మా వేరే గదిలోకి పోయి చూస్తాం" అంది. మా అమ్మ కూడా దాని పక్షమే.

వైజాగ్‌లో జూలై. పొద్దున్నుంచీ ఒకటే ముసురు. బీచ్ లేదు, కైలాసగిరి లేదు. ఎంవీపీ కాలనీలో అమ్మ ఫ్లాట్, హాల్లో టీవీ, చాప మీద పళ్ళెంలో వేయించిన వేరుశనగలు. మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతి. వాడు ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం ఒళ్ళో తెరిచి పెట్టుకునే చూసేవాడు, వాళ్ళ నాన్న వస్తే పేజీ తిప్పడానికి.

చూసింది 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్'. నీలం మనుషుల సినిమా కాదు, దానికంటే ముందొచ్చిన యానిమేషన్ సీరీస్. 2005 ఫిబ్రవరిలో నికెలోడియన్ చానెల్లో మొదలై 2008 జూలైలో అయిపోయింది. మొత్తం 61 ఎపిసోడ్లు. అప్పుడు నేను న్యూజెర్సీలోనే ఉన్నాను, ఆ చానెల్ మా ఇంట్లో వచ్చేది కూడా. కార్టూన్ కదా, పిల్లలు పుట్టాక చూద్దాంలే అనుకున్నాను. పుట్టాక వాళ్ళు చూస్తుంటే వంటింట్లో ఉన్నాను. ఇన్నేళ్ళకి, ముసురు పుణ్యమా అని కూర్చున్నాను.

కథ టూకీగా చెప్పాలంటే నాలుగు జాతులు: నీరు, భూమి, నిప్పు, గాలి. ఒక్కో జాతిలో కొందరికి తమ భూతం మాట వింటుంది. నాలుగూ మాట వినేది లోకం మొత్తానికి ఒక్కరికే, ఆ ఒక్కరే అవతార్. ఈసారి ఆ అవతార్ ఆంగ్ అనే పన్నెండేళ్ళ గుండబ్బాయి. బాధ్యతకి భయపడి పారిపోయి, నూరేళ్ళు మంచుగడ్డలో ఉండిపోయాడు. లేచి చూస్తే నిప్పు దేశం లోకాన్ని తగలబెడుతోంది, తనవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

ఇంక నా ఏడు పాజ్‌ల సంగతి. "అవతార్ మన మాటే, తెలుసా?" అని ఒకటి. "ఇవి మన పంచభూతాలే" అని ఒకటి. పునర్జన్మ మనదే, ధ్యానం మనదే, వాడి గుండు కూడా మనదే. మా ఉత్తరాంధ్రలో ఎత్తిపొడుపుగా అంటారు, అన్నీ వేదాల్లోనే ఉన్నాయష అని. ఆ 'ష' ఎవరిని ఉద్దేశించిందో ఇంతకాలం నవ్వుకుంటూ విన్నాను గానీ, ఆ రోజు చాప మీద కూర్చున్నది నేనే.

పైగా నేను చెప్పింది తప్పు. "పంచభూతాలంటున్నావు, ఇక్కడ నాలుగేగా ఉన్నాయి, ఆకాశమేదే?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. అవతారమంటే మనకి పైనుంచి దిగి రావడం. సింహాచలంలో వరాహమూ నరసింహుడూ ఒకే మూర్తిగా దిగి, ఏడాదంతా చందనం కింద ఉండి, అక్షయ తృతీయ నాడు నిజరూపం చూపిస్తారు. ఈ సీరీస్‌లో అలా కాదు. మనిషి చచ్చిపోయి, వరసలో తర్వాతి జాతిలో పసిపిల్లాడుగా పుడతాడు. సన్యాసులు వాడి ముందు వేల బొమ్మలు పోస్తే, వాడు సరిగ్గా పాత అవతార్‌లవైన నాలుగు బొమ్మల్నే ఏరుకుంటాడు. అది టిబెట్‌లో దలైలామాని వెతికే పద్ధతి. మనది కానిదాన్ని కూడా మనదనేశానన్నమాట, అదీ ఎపిసోడ్ ఆపి మరీ.

నేను నోరు మూసుకున్నాక అసలు సంగతి మొదలైంది. అమ్మకి ఇంగ్లిష్ రాదు. తెలుగులో చెప్పాల్సింది మా అమ్మాయే. దానిది ఐదేళ్ళ ఆదివారం తెలుగు క్లాసు తెలుగు: గుణింతాలొచ్చు, పండుగల పేర్లొచ్చు, రెండు వాక్యాలు కలిపి మాట్లాడమంటే ఇంగ్లిష్‌లోకి జారిపోతుంది. 'వాటర్ బెండింగ్' అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఆ అమ్మాయి నీళ్ళు వంచుతుంది."

"గంజి వంచినట్టా?"

మా మేనల్లుడు వేరుశనగ గింజ మింగుడుపడక దగ్గాడు. అమ్మ మాత్రం నవ్వలేదు, ఆలోచించింది. "వంచడం కాదమ్మా, ఆడించడం. పాములవాడు పాముని ఆడిస్తాడు చూడు, అలాగ." ఆ పూటనుంచీ మా ఇంట్లో అందరూ ఆడించేవాళ్ళే. కటారా నీళ్ళాడించే పిల్ల. టాఫ్ కళ్ళు లేని రాళ్ళ పిల్ల. ముఖం మీద కాలిన మచ్చ ఉన్న నిప్పు దేశపు రాజకుమారుడు జూకో మచ్చబ్బాయి. ఎక్కడికెళ్ళినా టీ కాచుకునే వాడి పెదనాన్న ఐరో టీ తాతయ్య.

ఆంగ్ ఎక్కి తిరిగే ఎగిరే దున్న పేరు అప్పా. ఆ పేరు వినగానే అమ్మ లేచి కూర్చుంది. అమ్మది బొబ్బిలి వైపు, అక్కడ అప్ప అంటే అక్క. అది మగదని మా అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "ఆరు కాళ్ళ అప్ప" అని ఖాయం చేసేసింది. రెండో సీజన్‌లో ఎడారి దొంగలు అప్పాని ఎత్తుకుపోయాక, రోజూ మొదట అడిగే ప్రశ్న అదే: "అప్ప దొరికిందా?" అప్పా ఒంటరిగా తిరిగిన రోజుల మీద ఒక ఎపిసోడ్ ఉంది. అది చూస్తూ అమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వాళ్ళ అప్ప పోయి అప్పటికి రెండేళ్ళు.

అమ్మ చూపు ఎంత పదునో ఆ నెలలో తెలిసింది. ఈ సీరీస్‌లో ఒక్కో భూతానికి ఒక్కో చైనా యుద్ధవిద్యని ఆధారంగా తీసుకున్నారు. నీటికి తాయ్‌చీ, గాలికి బాగ్వా, నిప్పుకి ఉత్తర షావోలిన్, భూమికి హుంగ్ గార్. ఒక్క టాఫ్‌కి మాత్రం వేరే శైలి పెట్టారు. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. అమ్మ చదవలేదు. చిన్నప్పుడు పండగలకి సాము గరిడీలు చూసిన మనిషి, అంతే. "ఈ కళ్ళు లేని పిల్ల అడుగు వేరుగా ఉందేటే? మిగతా రాళ్ళవాళ్ళలా వెయ్యట్లేదు" అంది, టాఫ్ వచ్చిన మొదటి రోజే.

అలాగని అన్నీ బాగున్నాయనను. మొదటి సీజన్ సగం దాకా కాస్త చిన్నపిల్లల వ్యవహారమే. కొండలోయ దాటే రెండు గుంపుల కొట్లాట ఎపిసోడ్ ఒకటుంది, అమ్మ హాయిగా నిద్రపోయింది, నేనూ లేపలేదు. చక్రాలు నేర్పే గురువు పతిక్ వచ్చినప్పుడు మాత్రం నాకు నాలుక దురద పెట్టింది. మూలాధారం నుంచి సహస్రారం దాకా ఏడూ ఉన్నాయి మరి! పెదవి కొరుక్కుని ఊరుకున్నాను. అమ్మ దృష్టి చక్రాల మీద లేదు, ఆయన తాగే ఉల్లిపాయ-అరటిపండు రసం మీద ఉంది. "సన్యాసి ఉల్లిపాయ తినడమేమిటి, చోద్యం కాకపోతే?"

పాజ్ అసలు నొక్కకూడదని నేననడం లేదు. ఎవరు నొక్కుతున్నారన్నదే సంగతి. మూడో ఎపిసోడ్‌లో ఆంగ్ తను పెరిగిన గుడికి వెళ్ళి, గురువు ఎముకలు చూసి, దుఃఖంతో సుడిగాలి లేపుతాడు. "హుద్‌హుద్ నాడు మన బాల్కనీ తలుపు ఇలాగే లేచిపోయింది" అని అమ్మ తనలో తను అనుకుంది. మా అమ్మాయి దిండు కింద నుంచి రిమోట్ తీసి తనే పాజ్ నొక్కింది. "హుద్‌హుద్ ఎవరు?" అంది. 2014 అక్టోబరు 12 నాటి తుఫాను కథ అప్పుడు బయటికొచ్చింది: మంచం అడ్డం పెట్టి తలుపు పట్టుకోవడం, మధ్యలో గాలి ఆగిపోతే అయిపోయిందనుకోవడం, కాసేపటికి అది రెండో వైపు నుంచి కొట్టడం, తెల్లారి చూస్తే వీధిలో నిలబడి ఉన్న చెట్టు లేకపోవడం. అరగంట చెప్పింది. ఆ రోజు నేను ఫోన్ దొరక్క అక్కడ ఎంత టెన్షన్ పడ్డానో నాకు గుర్తుంది గానీ, ఈ వివరాలు నాకూ కొత్తే. నేనెప్పుడూ అడగలేదు.

వాన తెరిపిచ్చిన రోజు భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కాం. సముద్రం మీదికి చూసే కొండపైన, రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ ఆరామం. 1976లో నేవీవాళ్ళ ఏరియల్ సర్వేలో బయటపడిందట. రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి కాబట్టి తొట్లకొండ. భిక్షువుల గదులకి ఇప్పుడు పునాదుల వరసే మిగిలింది. మా మేనల్లుడు "అత్తా, స్కూల్ పిక్నిక్‌కి వచ్చాం ఇక్కడికి, చిప్స్ తిన్నాం" అన్నాడు. వాడికి అంతే గుర్తు. మా అమ్మాయి ఒక గది కొలతని అడుగులు వేసి చూసుకుంది. చాప పరిస్తే ఇంక చోటు లేదు. అక్కడే కూర్చుని చాలాసేపు లేవలేదు. శాతవాహనుల నాణేలు, రోమన్ నాణేలు దొరికాయని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

ఇప్పుడు ఇక్కడి మన తెలుగు సంఘం సంగతి. ఉగాదికి పిల్లలకి దశావతారాల పోటీ పెడతాం. ఒక్క గుక్కలో పదీ చెప్పినవాళ్ళకి కప్పు. మూడేళ్ళుగా నేనే జడ్జిని. కిందటిసారి కప్పు కొట్టిన బాబుని స్టేజి దిగాక సరదాకి అడిగాను, నరసింహుడు స్తంభంలోంచే ఎందుకొచ్చాడురా అని. వాళ్ళమ్మ వంక చూశాడు. వాడి తప్పేం లేదు. మనం వాడికి జాబితా ఇచ్చాం, జాబితానే అప్పజెప్పాడు. మన పిల్లలు ఎప్పుడూ వినేవాళ్ళే, చెప్పేది మనమే. మనకి తెలిసిన కథనే వాళ్ళు మనకి తిరిగి చెబుతుంటే మనం మార్కులు వేస్తాం. ఎదుటివాళ్ళకి తెలియని కథ చెప్పే అవకాశం వాళ్ళకి తెలుగులో ఒక్కసారైనా వచ్చిందా?

చివరి నాలుగు ఎపిసోడ్ల మధ్యలో మా ఇంట్లో జరిగిన గొడవ చెబితే నా ఉద్దేశం అర్థమవుతుంది. నిప్పు దేశపు రాజుని చంపనని ఆంగ్ మొండికేస్తాడు. వెనకటి అవతార్‌లందరూ గట్టిగా ఉండమనే చెబుతారు. అమ్మ వాళ్ళ పక్షం. "హిరణ్యకశిపుణ్ణి మన సింహాచలం అప్పన్న వదిలేశాడా? కన్నకొడుకు ముఖం కాల్చినవాణ్ణి వదిలేస్తారేటి?" మా అమ్మాయి చాప మీదనుంచి లేచి నిలబడింది. "కాదు అమ్మమ్మా, విను. వాళ్ళవాళ్ళు అందరూ చచ్చిపోయారు కదా. చంపకూడదు అని వాళ్ళు చెప్పారు. ఇప్పుడు ఆ మాట వీడి దగ్గరే ఉంది. వీడు కూడా చంపేస్తే ఆ మాట ఎవరి దగ్గర ఉంటుంది?"

నిలబడి, చేతులు తిప్పుతూ, ఒక్క ఇంగ్లిష్ ముక్క లేకుండా. తను గమనించలేదు. నేనూ గుర్తు చేయలేదు. అమ్మ కాసేపు ఊరుకుని, "అయితే ఏం చేస్తాడో చూద్దాం, పెట్టు" అంది.

ఏం చేశాడో చెప్పను, చూడనివాళ్ళుంటారు. ఒక పెద్ద తాబేలు ఉన్నట్టుండి వచ్చి సాయం చేస్తుంది, అది మాత్రం అమ్మకి నచ్చలేదు. "ఇన్నాళ్ళూ లేని తాబేలు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?" కూర్మావతారం అని నేననలేదు. నా వంకే చూస్తున్నారు ముగ్గురూ.

సంస్కృతి ఏమైపోవాలమ్మా అని కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. దశావతారాలు ఎక్కడికీ పోవు. ఈ ఉగాదికి మాత్రం నేను జడ్జిగా కూర్చోను. దానికి బదులు ఒక పని చేస్తాను, ఒప్పుకుంటే. ఇంగ్లిష్ రాని తాతయ్యలూ అమ్మమ్మలూ నానమ్మలూ ఈమధ్య చాలామందే వస్తున్నారు కదా, వాళ్ళని వరసగా కుర్చీల్లో కూర్చోబెడతాను. పిల్లలు తమకి నచ్చిన కథ ఏదైనా సరే, వాళ్ళకి చెప్పాలి. కార్టూనైనా, వీడియో గేమైనా. పెద్దవాళ్ళు ఎన్ని ప్రశ్నలైనా వేయొచ్చు. కప్పులుండవు. తల్లిదండ్రులు హాలు బయట, కాఫీ దగ్గర.

మేం తిరిగొచ్చి ఆరు వారాలైంది. దీని తర్వాతి సీరీస్ 'ది లెజెండ్ ఆఫ్ కొర్రా', 52 ఎపిసోడ్లు. శనివారం పొద్దున్న ఇక్కడ మేం టీవీ పెడితే, అక్కడ అమ్మకి సాయంత్రం దీపం పెట్టే వేళ. వాట్సాప్‌లో ఫోన్‌ని టీవీ వైపు తిప్పి, మా అమ్మాయి పక్కనుంచి చెబుతుంది. మొదటి శనివారం ఇంకా బొమ్మ పడకముందే పరిచయం మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, ఈసారి నీళ్ళాడించే అమ్మాయే అవతార్. పాతవాళ్ళు చాలామంది లేరు."

"అప్ప ఉందా?"

"లేదు అమ్మమ్మా. కానీ కుక్కలాంటి ఎలుగుబంటి ఉంది. పెద్దది. దాని మీద ఎక్కుతారు."

"పేరేటి?"

"నాగ."

అవతల కాసేపు నిశ్శబ్దం. నేను వంటింట్లోంచి తొంగి చూశాను, మాట్లాడకుండా.

"ఎలుగుబంటికి పాము పేరేటమ్మా?" అంది అమ్మ. "సరే, పెట్టు."