పక్క సీట్లో శల్యుడు

శ్రీ శల్యసారథ్యం గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని వేరే అడగక్కర్లేదు, మా ఇంట్లోనే ఉంటున్నారు కదా.

మీ అర్థం రాయమంటే పిల్లలు ‘నిరుత్సాహపరచడం’ అని రాసి ఒక మార్కు తెచ్చుకుంటారు. ఆ మాట ఇళ్లల్లో ఎవరైనా అనగా విన్నారా? ‘నీ మంచి కోరి చెబుతున్నా’ అంటారు. ‘చూసుకో మరి, నీ ఇష్టం’ అంటారు. ఈ రెండోది మరీ ప్రమాదం.

నలభై ఏడేళ్లకి కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది నాకు. డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రోజులు బాగానే తోలాను. తర్వాత మావారు పక్కన కూర్చున్నారు. రామవరప్పాడు రింగ్ దగ్గర సిగ్నల్ పడింది. ఆయన పైన హ్యాండిల్ పట్టుకుని వేలాడుతూ, లేని బ్రేకుని కుడికాలితో తొక్కేస్తున్నారు. “ఏం కాదు, టెన్షన్ పడకు. వెనక లారీ ఉంది, అంతే.”

అప్పటిదాకా ఆ లారీ సంగతే నాకు తెలియదు. క్లచ్ వదిలాను, బండి ఆగిపోయింది. లారీవాడు హారన్ మోగించాడు. మావారు మాత్రం ఒక్క మాట అనలేదు. నిట్టూర్చారు.

ఆ నిట్టూర్పు మీదే. గుర్తుపట్టాను.

మీ మూలపురుషుడు శల్య మహారాజు నయం. కురుక్షేత్రంలో కర్ణుడి రథం తోలుతూ ఆయనకి కనీసం ఓ కథ చెప్పాడు, ఎంగిళ్లు తిని బలిసిన కాకి హంసతో పందెం కట్టి సముద్రం పాలైన కథ. అదీ కర్ణుణ్ణి నీరుగార్చమని ధర్మరాజు అడిగాడని, ఇచ్చిన మాట కోసం. మావారికి ఎవరూ పురమాయించలేదండీ. అంతా ఉచిత సేవే.

ఉత్సాహాన్ని వీరరసానికి స్థాయీభావం అన్నారు ఆలంకారికులు. దాని పేరుతో తెలుగులో ఓ పద్యమే ఉంది, పాదానికి ఏడు సూర్యగణాలు, చివర ఓ గురువు. మీకు అంత ఛందస్సెందుకు? ‘ప్చ్’ చాలు.

కర్ణుడు పడిపోయిన మర్నాడు సేనాధిపత్యం శల్యుడికే ఇస్తే, సగం రోజు నిలిచాడు. అది గుర్తొచ్చి మొన్న గుడివాడ పెళ్లికి తాళాలు మావారికే ఇచ్చాను. పక్కన కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, మెల్లగా అన్నాను: “ఏం కాదు, వెనక లారీ ఉంది, అంతే.”

కంకిపాడు దాటేలోగా బండి రెండుసార్లు ఆగింది.

ఇట్లు,
మీ కొత్త శిష్యురాలు