“ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్నా?” గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ “ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్నా?” గారికి,

నల్లగొండ, పాలమూరు జిల్లాల ఇంటి స్టూడియోలు రాసుకున్న ఉత్తరం. పాట రికార్డు చేసి కలిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లల్ల ఏది మంచిదని ఊరూరా తిరిగే ప్రశ్న తమరే గనుక, ఇది తమరికే. ఇంటి స్టూడియో అంటే తమరికి కొత్త కాదు. పడకగది, గోడకు రెండు బొంతలు, పాట మొదలుకాంగనే బంద్ చేసే ఫ్యాను, కిటికీ అవతల బోరుమోటరు.

తమరు అందరికన్నా ముందు వస్తరు. పాట రాసేటోళ్లు దొరకలేదు, పాడేటోళ్లను అడగనే లేదు, ట్యూను పల్లవి కాడనే పండుకున్నది. తమరు మాత్రం హాజరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు ఎఫ్ఎల్ స్టూడియో. జవాబు చెప్పినా పోరు. నల్లగొండ క్లాక్ టవర్ కాడ ఒకరిని అడిగి, జడ్చర్లల ఇంకొకరిని అడిగి, రెండు జవాబులు కలవలేదని మూడో మనిషి కోసం అచ్చంపేట బస్సెక్కుతరు.

చెల్క భూమికి, నల్లరేగడికి కలిపి ఒక్కటే నాగలి చెప్పమంటే రైతు ఏమంటడు? ముందుగాల నీ భూమి ఏందో చెప్పమంటడు. మేము అడిగేది గంతే: మీ గదిల ముందు పుట్టేది దరువా, గొంతా?

దరువే ముందు పుడితే ఎఫ్ఎల్ స్టూడియో సుఖం. 1990ల చివర్ల ఫ్రూటీలూప్స్ పేరుతో బెల్జియంల పుట్టింది. గళ్లల్ల దెబ్బలు పెట్టుకుంట పోవుడే దాని నడక. ఒక్కసారి కొంటే కొత్త వెర్షన్లు జీవితాంతం ఉచితం. అయితే తెరవంగనే కనిపించే 16 గళ్లు బీటుకు 4 లెక్కన ఉంటయి, మన తీన్‌మార్ మూడు మూడుగా ఊగుతది. ఆ 16 గళ్లల్లనే తీన్‌మార్‌ను ఇరికిచ్చి, దెబ్బ కుంటుతున్నదని మొత్తం సాఫ్ట్‌వేరే మార్చమని సలహా ఇచ్చింది తమరే. ఆ గళ్లు వదిలి పియానో రోల్ (దెబ్బలు, స్వరాలు గీసే తెర) తెరిచి స్నాప్‌ను 1/3 బీట్ చేస్తే కుంటు పోతది. సన్నటి దెబ్బలు కావాలంటే 1/6 బీట్.

దాంట్లనే ఇంకో రెండు గుంతలున్నయి, తమరు ఎప్పుడూ చెప్పరు. తక్కువ ధరకు వచ్చే ఫ్రూటీ ఎడిషన్లో గొంతు రికార్డు చేసే వీలు లేదు, దానికి ప్రొడ్యూసర్ ఎడిషన్ తీసుకోవాలె. ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్ల తెరుచుకోదు. అందుకే మూసేముందు ప్రతి ట్రాకును (ఒక్కో గొంతు, వాయిద్యం వరుసను) వేవ్ ఫైలుగా బయటికి తీసి పెట్టుకోవాలె.

గొంతే ముందు పుడితే కథ వేరే. బతుకమ్మ పాటనే తీసుకోండ్రి. ఒకామె ఎత్తుకుంటది, మిగిలినోళ్లు ఉయ్యాలో అని అందుకుంటరు. లయ చెప్పే టిక్‌టిక్ క్లిక్కు లేదు, చప్పట్లే లెక్క. నిమిషానికి 84 బీట్ల (బీపీఎం) కాడ ఎత్తుకున్న పాట ఆఖరుకు 92 కాడికి పోయిందనుకోండ్రి. అది తప్పు కాదు, పాటకు ఊపు వచ్చినట్టు. తమరేమో దాన్ని తెర మీద 84 వేగానికి గీసిన గీతల మీద పరిచి, కింద మళ్ల మళ్ల తిరిగే డోలక్ లూపు వేయిస్తరు. మొదటి చరణం దాకా బాగనే ఉంటది. రెండో చరణంల డోలక్‌ది ఒక ఊరు, గొంతుది ఇంకో ఊరు. అప్పుడు గొంతును ముక్కలు కోసి గీతల మీదికి గుంజుతరు, ఊపు సచ్చిపోతది.

చేయాల్సింది ఉల్టా. గీతలనే గొంతు ఎంబడి నడిపియ్యాలె. లాజిక్ ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో స్మార్ట్ టెంపో, క్యూబేస్ అనేదాంట్ల టెంపో డిటెక్షన్ (పాట వేగాన్ని అదే పట్టే సదుపాయాలు) ఉన్నది అందుకే. రీపర్లో చేత్తో చేసినా అర్ధగంట పని: నాలుగు బార్లకొకసారి (బారు అంటే నాలుగు బీట్లు) చప్పట్ల మీద ఒక టెంపో మార్కరు, అంటే వేగం గుర్తు. మూడు నిమిషాల పాటకు 16, 17 మార్కర్లు పడతయి. కాకుంటే మొదటి మార్కరు పెట్టకముందే గొంతు ట్రాకు టైంబేసును (గీతలకు అతుక్కోవాల్నా, టైముకా అనే సెట్టింగు) “టైమ్”కు మార్చాలె. మరిచిపోతే మార్కరు జరిపినప్పుడల్లా గొంతు కూడా జరుగుతది, సాగుతది. ఇది తెలవక “రీపర్ల గొంతు పాడైతున్నది” అని తమరు జిల్లా అంతా దండోరా వేసిండ్రు.

రీపర్‌ను 60 రోజులు ఉచితంగా చూడొచ్చు, ఆ తర్వాత 60 డాలర్లు. దాంతో వ్యాపారం చేసి, ఏడాది ఆదాయం 20,000 డాలర్లు దాటినోళ్లకైతే 225. తమరు ఆ 60 రోజులూ అడుగుడుకే ఖర్చు పెడతరు. వాయిద్యాల చప్పుళ్లు దాంతోని పెద్దగ రావు, గదిల నిజం డోలక్, నిజం డప్పు ఉన్నోళ్లకు ఆ లోటు తెలువదు. లాజిక్ ప్రో ఆపిల్ మ్యాక్‌కు, ఐప్యాడ్‌కే. 2002ల ఆపిల్ చేతికి పోయినంక విండోస్ వెర్షన్ ఆగిపోయింది. విండోస్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని లాజిక్ గురించి గంట మాట్లాడే ఓపిక తమరికే ఉన్నది.

ఏబుల్టన్ లైవ్ సంగతి రెండు మాటల్ల. నిమజ్జనం ఊరేగింపుల జనం ఊపు చూసి అప్పటికప్పుడు దరువు మార్చేటోళ్లకు దాని సెషన్ వ్యూ (దరువు ముక్కలను ఏది కావాలంటే అది నొక్కి వాయించే తెర) అసలైన జాగ. చాలా ఆడియో ఇంటర్‌ఫేసుల (మైకును కంప్యూటరుకు కలిపే పరికరాల) కొనుగోలుతోని దాని లైట్ వెర్షన్ ఉచితంగనే వస్తది, ట్రాకులు 8. లీడ్ గొంతు, కోరస్ 2, డప్పు 2, డోలక్, ఫ్లూటు, కీబోర్డు: అయిపోయినయి. తమరు ఏడాది సంది ఏది కొనాలె అని అడుగుతనే ఉన్నరు, ఆ లైట్ వెర్షన్ కోడ్ ఇంటర్‌ఫేసు డబ్బా అడుగున అట్లనే పడి ఉన్నది.

ఇగ అసలు ఫిర్యాదు. తమరు తెచ్చే పంచాయితీల సగం సాఫ్ట్‌వేర్‌వి కానే కావు. పాడే అమ్మాయి చెవిల తన గొంతు తనకే ఆలస్యంగ వినపడుతది, తాళం తప్పుతది, తమరు “ఇది పనికిరాదు, ఇంకోటి చూద్దాం” అంటరు. లెక్క చూడుండ్రి: 48 కిలోహెర్ట్జ్‌ల (సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే చప్పుడు కొలతలు) బఫరు, అంటే కంప్యూటరు చప్పుడును కూడబెట్టే సంచి, 1024 శాంపిళ్లుంటే ఒక దిక్కుకే 21 మిల్లీసెకన్లు, పోయి వచ్చేసరికి రెండింతల పైన. 128 చేస్తే ఒక దిక్కుకు మూడు కూడా ఉండదు. రికార్డింగుకు 128, మిక్సింగుకు 1024. 128 కాడ చిటపటలు వస్తే 256 చేసి, ఇంటర్‌ఫేసు మీద డైరెక్ట్ మానిటర్ (కంప్యూటరు దాకా పోకుండ గొంతును నేరుగ చెవికి పంపే మీట) ఒత్తాలె. మే నెల మధ్యాహ్నం ల్యాప్‌టాప్ కాలి స్పీడు తగ్గినా అవే చిటపటలు, అప్పుడు దాని కింద రెండు చెక్కముక్కలు పెట్టాలె. సాఫ్ట్‌వేర్ మారిస్తే ఇవేవీ పోవు.

“ఫలానా దాంట్ల సౌండు లావుగ వస్తది” అనేది తమరి ఇంకో మాట. ఒకే వేవ్ ఫైలును రెండింట్ల ఏ ప్లగిన్ (ఎఫెక్టు) లేకుండ, ఒకే లెవెల్ల పెట్టి బయటికి తీయుండ్రి. ఒకదాని పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండో దాని మీద వేస్తే నిశ్శబ్దం. మోనో ట్రాకు అయితే నడుమ పెట్టినప్పుడు ఒక్కోదాని పాన్ లా (ఎడమ కుడి నడుమ చప్పుడు ఎంత ఉంచాలనే లెక్క) ఒక్కో తీరు, 3 డీబీ (డెసిబెల్) తేడా అక్కడ్నే వస్తది. ఆ 3 డీబీనే తమరికి లావు.

గొంతులు, వాయిద్యాలు కలిపే మిక్సుకు హైదరాబాద్ పంపేటప్పుడు ఎవరూ మీ సాఫ్ట్‌వేర్ పేరు అడగరు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, అన్ని ఫైళ్లు మొదటి బారు నుంచే మొదలు, ఫైలు పేర్లల్ల బీపీఎం: అడిగేది గివే. ఎఫ్ఎల్‌లో “స్ప్లిట్ మిక్సర్ ట్రాక్స్” నొక్కంగనే అన్నీ విడివిడిగ రావు. ప్రతి చానెల్‌ను ముందే వేరే మిక్సర్ ట్రాకుకు పంపకుంటే అంతా మాస్టర్‌లనే కలిసి ఒక్కటే ముద్ద వస్తది. 44.1ల రికార్డయిన ఫైలును మార్పిడి లేకుండ 48ల వాయిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ (కీబోర్డు మీద పక్క మెట్టు దూరం) ఎక్కుతది, పాడినామెకు తన గొంతు చెల్లె గొంతు లెక్క వినపడుతది.

శ్రుతి అంటే యాదికొచ్చింది. 12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారికి 2022ల పద్మశ్రీ వచ్చింది. అసొంటి వాయిద్యం కీబోర్డు రెండు మెట్ల నడుమ పలికితే, తమరు కిన్నెర మీదనే పిచ్ కరెక్షన్ వేయమంటరు. కీబోర్డునే 30 సెంట్లో 40 సెంట్లో (సెంటు అంటే సెమీటోన్ల నూరో వంతు) దించండ్రి. ప్రతి సాఫ్ట్‌వేర్ల ఆ మీట ఉన్నది. కిన్నెరకు లేదు.

పెన్‌డ్రైవుల తెచ్చే క్రాకు (సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ) గురించి తమరితో వాదించం. యాంటీవైరస్ బంద్ చేస్తేనే ఇన్‌స్టాల్ అయ్యేదాన్ని పెండ్లిపాటల హార్డ్‌డిస్కున్న మిషన్ల పెడుతరా లేదా, తమరిష్టం.

ఇప్పుడైతే వీలు కాదు. ఇద్దరు డప్పు కళాకారులు వచ్చిండ్రు. బయట గడ్డిమంట మీద డప్పు కాపిండ్రు, తోలు బిగిసి టంగుమంటున్నది. అది చల్లారితే చప్పుడు దిగుతది, మళ్ల కాపాలె. టెంప్లేటు తెరిచే ఉన్నది: నాలుగు ట్రాకులు ఆన్, బఫరు 128, పెద్ద దెబ్బ మైనస్ 10 డీబీ దాటకుండ గెయిన్ పెట్టినం. డప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్ల చేతికొచ్చినయి. తమరు జర తలుపు దగ్గరికేసి పోతే రికార్డు నొక్కుతం.

ఇట్లు,
ఫ్యాను బంద్ చేసి కూసున్న
నల్లగొండ, పాలమూరు ఇంటి స్టూడియోలు