ఓటమి అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

స్విస్ కార్మిక నాయకురాలు క్రిస్టియాన్ బ్రునర్ గురించి నేను చదివిన ఒక వ్యాసం బాగుంది. కానీ 1993లో ఫెడరల్ కౌన్సిల్‌కు, అంటే స్విట్జర్లాండ్‌ను నడిపే ఏడుగురి మంత్రివర్గానికి, జరిగిన ఎన్నికను "ఆమె ఓటమి" అని రాసి ముందుకెళ్లిపోయారు. నాకు పేచీ అక్కడే.

అసలు కథ 1991 జూన్ 14న మొదలైంది. గడియారాల తయారీలో పనిచేసే ఆడవాళ్లు, మగవాళ్లతో సమానంగా జీతం రావట్లేదని సమ్మె ఆలోచన తెచ్చారు. బ్రునర్ దాన్ని దేశమంతా పాకించింది. దాదాపు 5 లక్షల మంది పాల్గొన్నారు. ఇళ్లలో పని మానేసి బాల్కనీల్లో చీపుళ్లు వేలాడదీశారు! ఆడవాళ్లకు జాతీయ స్థాయిలో ఓటు హక్కే 1971లో వచ్చిన దేశం అది మరి.

రెండేళ్లకు ఆమె పార్టీ సోషల్ డెమోక్రాట్లు ఆమెను ఫెడరల్ కౌన్సిల్‌కు అభ్యర్థిగా నిలబెడితే ఆకాశరామన్న ఉత్తరాలు మొదలయ్యాయి, ఆమె వ్యక్తిగత జీవితం మీద బురద చల్లుతూ. మార్చి 3న పార్లమెంటు ఆమెను కాదని, అదే పార్టీకి చెందిన ఫ్రాన్సిస్ మాతేని ఎన్నుకుంది. వీధుల్లో ఎంత గొడవ జరిగిందంటే, వారానికే ఆయన పదవి వద్దన్నాడు. మార్చి 10న రూత్ డ్రైఫస్ గెలిచింది. ఆమె కూడా కార్మిక సంఘం నుంచి వచ్చిన మనిషే. బ్రునర్, డ్రైఫస్ ఇద్దరూ ఒకే రకం సూర్యుడి బ్రోచ్ (బట్టలకు గుచ్చుకునే అలంకార పిన్ను) పెట్టుకుని జనం ముందుకొచ్చారు. 1999లో డ్రైఫస్ ఆ దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది. బ్రునర్ ఆ తర్వాత జెనీవా తరఫున ఎగువసభలో కూర్చుంది, పార్టీ అధ్యక్షురాలూ అయింది. వ్యాసంలో ఆ బ్రోచ్ ఫొటో ఒక్కటైనా పెట్టాల్సింది.